తాతయ్యకు ఈస్టు గురించి ఎలా చెప్పాలి?

కందుకూరు మనవరాలు (ఆదివారం, రాత్రి 9.12)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు.

నాకు హైదరాబాదులో పరిశోధనకు సీటు వచ్చింది. అంశం కణవిభజన. ఈస్టు కణం రెండుగా చీలబోయే ముందు, జన్యువులను మోసే తన క్రోమోజోములు సరిగ్గా ఉన్నాయో లేదో ఎలా చూసుకుంటుందన్నది నా పని. ఐదేళ్ళు పడుతుంది. అమ్మకూ నాన్నకూ అభ్యంతరం లేదు. చిక్కంతా తాతయ్యతోనే. నలభై ఏళ్ళు పొగాకు పండించిన మనిషి. "ఈస్టంటే రొట్టెలో వేసేదే కదమ్మా, దాని మీద ఐదేళ్ళా? దీనివల్ల ఎవరి జబ్బు తగ్గుతుంది?" అన్నారు. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ల ముందు గుక్కతిప్పుకోకుండా మాట్లాడినదాన్ని, ఆయన ముందు నోరు పెగల్లేదు. "క్యాన్సర్‌కు పనికొస్తుంది తాతయ్యా" అన్నాను. "ఎప్పుడు?" అన్నారు. అంతే, అక్కడ ఆగిపోయాను.

మా నాయనమ్మ రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. కాబట్టి ఆయన దగ్గర ఆ మాట తేలిగ్గా అనకూడదు. అనేశాను. ఇప్పుడు ఏమని చెప్పమంటారు?

నల్లరేగడి (రాత్రి 9.40)

ముందుగా శుభాకాంక్షలమ్మా. నేనూ పొగాకు రైతునే. మీ తాతగారికి ఈస్టుతో మొదలుపెట్టవద్దు, పిలకలతో మొదలుపెట్టండి. పూత రాగానే మొక్క తల తుంచుతాం. తుంచిన వారానికల్లా ప్రతి ఆకు మొదట్లో పిలకలు లేస్తాయి. వాటిని గిల్లలేక చేతులు జిగురుపట్టి నల్లబడతాయి. నిన్నటిదాకా నిద్రపోయిన మొగ్గ తల తెగిన మర్నాడే ఎందుకు లేస్తుంది? నాకు తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి, తాతగారు తప్పకుండా వింటారు.

కందుకూరు మనవరాలు (రాత్రి 10.05)

ఇది నాకు తట్టనే లేదండీ! చివరి మొగ్గ నుంచి ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. తల తుంచితే ఆ అదుపు పోతుంది. అప్పుడు సైటోకైనిన్ అనే మరో పదార్థం బలం పుంజుకుని, ఆ మొగ్గల్లోని కణాలను విభజించమంటుంది.

ఆ సైటోకైనిన్ బయటపడిందే పొగాకులో. 1955లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్కూగ్, మిల్లర్ బృందం పొగాకు కాండం లోపలి బెండును సీసాల్లో పెంచుతూ, దాని కణాలను విభజింపజేసే పదార్థం కోసం వెతికింది. చివరికి హెర్రింగ్ చేప వీర్యం నుంచి తీసిన పాత డీఎన్ఏ సీసాలో అది దొరికింది. కొత్త డీఎన్ఏ తెప్పిస్తే పనిచేయలేదు. ఆ కొత్తదాన్నే ఆవిరి ఒత్తిడిలో ఉడికించాక పనిచేసింది. దానికి కైనెటిన్ అని పేరు పెట్టారు.

పిలకలకు కొట్టే మందుల్లోనూ రెండు తీరులున్నాయి. డెకనాల్ లాంటివి లేత మొగ్గను మాడ్చేస్తాయి. మలేయిక్ హైడ్రజైడ్ అలా కాదు, కణాలు చీలడాన్ని ఆపుతుంది. ఉన్న కణాలు సాగుతాయి కానీ కొత్తవి పుట్టవు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు మొలకెత్తకుండా వాడేదీ అదే.

నల్లరేగడి (రాత్రి 10.11)

చూశారా. మొదటిది మాడ్చే మందు, రెండోది ఆపే మందు. క్యాన్సర్ మందుల్లోనూ ఈ రెండు రకాలే ఉంటాయా?

రాత్రి డ్యూటీ (రాత్రి 11.50)

నెల్లూరులో క్యాన్సర్ వార్డులో నర్సును. నల్లరేగడి గారి ప్రశ్నకు కొంతవరకు అవుననే జవాబు. చాలా పాత మందులు విభజన మధ్యలో ఉన్న కణాన్ని పట్టుకుని చంపుతాయి. అది క్యాన్సర్ కణమా, జుట్టు కుదుళ్ళదా, పేగు పొరదా, ఎముక మూలగదా అని చూడవు. చీలుతూ కనిపిస్తే చాలు. అందుకే జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది, తెల్లకణాలు పడిపోతాయి. "మందు పడలేదు, అందుకే జుట్టు ఊడింది" అని బంధువులు అంటుంటారు. అది మందు చేసే పనిలో భాగమేనని నేను వారానికి పదిసార్లయినా చెబుతాను.

పిలుపు వచ్చింది, మళ్ళీ రాస్తాను.

ప్రకృతి బాట (సోమవారం, ఉదయం 6.30)

ఇంత దూరం ఎందుకు? మన ఇంటి ముందు బిళ్ళగన్నేరు ఉంది. క్యాన్సర్ మందు దాని నుంచే తీస్తారు. రోజూ పరగడుపున ఐదాకుల కషాయం తాగితే పరిశోధనలూ అక్కర్లేదు, ఆసుపత్రులూ అక్కర్లేదు.

రాత్రి డ్యూటీ (ఉదయం 7.45)

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. దయచేసి ఎవరూ ఈ మాట విని తాగవద్దు.

బిళ్ళగన్నేరు నుంచి మందు తీస్తారన్నది నిజం. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే రెండు మందులు వచ్చింది దాని నుంచే. అసలు కథ వింటే మీకే ఆశ్చర్యం వేస్తుంది. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఈ ఆకును పరీక్షించింది చక్కెర వ్యాధి కోసం. చక్కెర తగ్గలేదు, ఎలుకల్లో తెల్లకణాలు పడిపోయాయి. తెల్లకణాలను అంతగా తగ్గించేది రక్త క్యాన్సర్‌కు పనికొస్తుందేమోనని వాళ్ళు అటు తిరిగారు. ఆకులో ఆ పదార్థం ఉండేది అతి కొద్దిగా. దాన్ని శుద్ధిచేసి, మనిషి ఒంటి కొలతకు తగ్గట్టు లెక్కగట్టి, నరంలోకి ఎక్కించాలి. లెక్క కాస్త తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. కషాయంలో ఎంత ఉందో మీకూ తెలియదు, గిన్నెకూ తెలియదు.

నిర్వాహకుడు (ఉదయం 8.02)

ప్రకృతి బాట గారూ, వేదికలో మోతాదులు చెప్పకూడదన్న నియమం ఉంది. మీ పోస్టు కింద హెచ్చరిక పెడుతున్నాను. చర్చ కొనసాగించండి.

పాటూరు మగ్గం (ఉదయం 11.20)

నర్సమ్మ గారూ, ఆ బిళ్ళగన్నేరు మందు కణంలో ఏం చేసి ఆపుతుంది? మా అన్నకు అదే ఎక్కిస్తున్నారు. వేళ్ళు తిమ్మిరెక్కి పోగు పట్టలేకపోతున్నాడు.

లాయర్‌పేట మాస్టారు (మధ్యాహ్నం 1.15)

ఇది నాకు వదలండి. ముప్పై ఏళ్ళు ఒంగోలు చుట్టుపక్కల బళ్ళలో ఉల్లివేరు కొనలు నలిపి పిల్లలకు చూపించినవాణ్ణి.

కణం చీలే ముందు క్రోమోజోములు జంటలై నడిమధ్యకు చేరతాయి. రెండు కొసల నుంచి సన్నని పోగులు వచ్చి ఒక్కో జంటనూ చెరో వైపు పట్టుకుంటాయి. ఆ పోగుల అమరికను తెలుగు పాఠ్యపుస్తకాల్లో కండె అంటారు. అవును, మీ కండే! 1882లో వాల్టర్ ఫ్లెమింగ్ ఈ విభజనకు పెట్టిన మైటోసిస్ అనే పేరుకు మూలమైన గ్రీకు మాటకూ దారమనే అర్థం.

ఆ పోగులు ట్యుబ్యులిన్ అనే చిన్న ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని పొడుగవడం వల్ల తయారవుతాయి. బిళ్ళగన్నేరు మందు ఆ ముక్కలకు పట్టుకుని పోగు కట్టనివ్వదు. కణం నడిమధ్యలో చిక్కుకుపోయి చివరికి చస్తుంది. యూ అనే చెట్టు బెరడు నుంచి వచ్చిన టాక్సాల్ అనే మందుది దీనికి ఎదురు తీరు. కట్టిన పోగు విడిపోకుండా బిగించేస్తుంది. 1979లో సుసాన్ హార్విట్జ్ దాన్ని తేల్చారు. కట్టనివ్వకపోయినా, విప్పనివ్వకపోయినా కణం ఆగాల్సిందే.

మీ అన్నగారి వేళ్ళ విషయం. నరాల కణాలు చీలవు, కానీ వాటి లోపల సరుకు రవాణా జరిగేది ఇవే పోగుల మీద. అందుకే తిమ్మిరి. డాక్టరుకు తప్పక చెప్పమనండి. చెప్పకుండా ఓర్చుకోవడం గొప్ప కాదు.

పాటూరు మగ్గం (మధ్యాహ్నం 1.52)

చెప్పిస్తాను మాస్టారూ. ఒక్క మాట. మగ్గం మీద ఒక్క పడుగు పోగు తెగినా మేం నేత ఆపి అతుకు వేశాకే ముందుకు వెళతాం. ఆపకపోతే చీర పొడుగునా ఆ గీత పడుతుంది. కణంలో పోగు పట్టుకోని క్రోమోజోము ఒకటి మిగిలిపోతే ఎవరు చూస్తారు?

కందుకూరు మనవరాలు (మధ్యాహ్నం 2.10)

అయ్యా, నేను ఐదేళ్ళు చదవబోయేది సరిగ్గా ఇదే. నాకన్నా బాగా అడిగారు.

పోగు పట్టని క్రోమోజోము ఒక్కటి మిగిలినా అది "ఆగండి" అని సంకేతం పంపుతూనే ఉంటుంది. చివరిది పట్టుబడేవరకు కణం చీలదు. ఆ సంకేతాన్ని మోసే జన్యువులు 1991లో రొట్టె ఈస్టులోనే దొరికాయి. రెండు బృందాలు వేర్వేరుగా కనిపెట్టి వాటికి మ్యాడ్, బబ్ అని పేర్లు పెట్టాయి. అవే జన్యువులు మనిషిలోనూ ఉన్నాయి. ఆ కాపలా సడలితే ఒక కణానికి క్రోమోజోము ఎక్కువ, రెండో దానికి తక్కువ పడుతుంది. చాలా క్యాన్సర్ కణాల్లో క్రోమోజోముల లెక్క తప్పి ఉంటుంది.

ఉదయగిరి నుంచి (మధ్యాహ్నం 3.30)

అడగవచ్చో లేదో తెలియదు. మా చెల్లెలి బాబుకు డౌన్ సిండ్రోమ్ అన్నారు. 21వ క్రోమోజోము మూడు ఉన్నాయని కాగితంలో రాశారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు కూరగాయలు తరిగిందని అత్తగారింట్లో ఇప్పటికీ దెప్పుతున్నారు. ఇది కూడా మీరు చెప్పే పోగుల సంగతేనా?

లాయర్‌పేట మాస్టారు (మధ్యాహ్నం 3.58)

తప్పకుండా అడగవచ్చునమ్మా.

అదే సంగతి. కాకపోతే ఇది అండమూ శుక్రకణమూ తయారయ్యే క్షయకరణ విభజనలో జరిగే పొరపాటు. ఎక్కువసార్లు అండంలో జరుగుతుంది. ఆడపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆమె అండకణాలు ఈ విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాయి. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళు అలాగే వేచి ఉంటాయి. క్రోమోజోములను జతగా పట్టి ఉంచే బంధం అన్నేళ్ళలో సడలుతుంది. అందుకే తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది. చిన్న వయసు తల్లులకూ జరగవచ్చు. ఇందులో 21వ క్రోమోజోము మూడు ఉంటాయన్న సంగతి 1959లో ఫ్రాన్సులో లెజూన్ బృందం ప్రకటించింది. గ్రహణానికీ, కత్తిపీటకూ, మీ చెల్లెలికీ ఇందులో ఏ పాపమూ లేదు. ఈ పోస్టు వాళ్ళింట్లో చదివి వినిపించండి. కావాలంటే నేను ఫోనులో మాట్లాడతాను.

మైపాడు గేటు (సాయంత్రం 6.45)

అంతా చదివాను. బాగుంది. నన్ను కాస్త చేదుగా మాట్లాడనివ్వండి.

నా భార్యకు రొమ్ము క్యాన్సర్. మొదట గడ్డ చూపిస్తే ఒక ఆసుపత్రిలో "పాలగడ్డ, తగ్గిపోతుంది" అని పంపేశారు. పేరు చెప్పను. ఎనిమిది నెలలు అలా పోయాయి. తేలేసరికి ఎముకకు పాకింది. ఆ ఎనిమిది నెలల్లో మాకు కావలసింది ఈస్టు కాదు, సూది గుచ్చి పరీక్ష చేసే ఒక మనిషి. అమ్మాయి తాతగారి ప్రశ్న నూటికి నూరుపాళ్ళూ న్యాయం. మండలంలో రొమ్ము గడ్డలు కనిపెట్టే మామోగ్రఫీ యంత్రం లేదు, ఈస్టుకు మాత్రం ఐదేళ్ళ జీతం.

నల్లరేగడి (సాయంత్రం 7.02)

అన్నా, ఏం చెప్పాలో తెలియడం లేదు. మీ మాట కాదనలేను.

రాత్రి డ్యూటీ (రాత్రి 8.20)

మైపాడు గేటు గారూ, మీ కోపం నాకు అర్థమవుతుంది, అలాంటివాళ్ళను రోజూ చూస్తుంటాను. అక్కకు ఇప్పుడు ఏ మందు ఇస్తున్నారు?

మైపాడు గేటు (రాత్రి 8.31)

పాల్బోసైక్లిబ్. దాంతో పాటు హార్మోను మాత్ర. మూడు వారాలు వేసుకుని ఒక వారం ఆపాలి. ఏడాదిగా వేసుకుంటోంది. వంట చేస్తోంది, గుడికి వెళ్ళొస్తోంది. అది మాత్రం ఒప్పుకుంటాను.

రాత్రి డ్యూటీ (రాత్రి 8.55)

మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఆ మాత్ర వచ్చింది ఈస్టు దారిలోనే.

కణం విభజనలోకి అడుగుపెట్టే గుమ్మం దగ్గర ఆర్‌బి అనే ప్రోటీన్ గడియలా అడ్డుంటుంది. సీడీకే4, సీడీకే6 అనే రెండు ఎంజైములు సైక్లిన్ అనే మరో ప్రోటీన్‌ను తోడు తెచ్చుకుని ఆ గడియ తీస్తాయి. అక్కకు వచ్చిన రకంలో గడియ మాటిమాటికీ తెరుచుకుంటోంది. ఆ రెండు ఎంజైముల చేతులు కట్టేయడమే మాత్ర పని. నల్లరేగడి గారి మాటలో చెప్పాలంటే మాడ్చేది కాదు, ఆపేది. మూలగలో తెల్లకణాల తయారీకీ అదే గుమ్మం, అందుకే ఒక వారం విరామం, రక్త పరీక్షలు.

లాయర్‌పేట మాస్టారు (రాత్రి 9.30)

నర్సమ్మ గారు వదిలిన కొస నేను అందుకుంటాను.

1970 ప్రాంతంలో అమెరికాలో లీలాండ్ హార్ట్‌వెల్ రొట్టె ఈస్టులో ఒక చిత్రమైన పని చేశారు. వేడి పెంచితే విభజన ఆగిపోయే రకాలను పోగుచేసి, ఏది ఏ దశలో ఆగిందో మైక్రోస్కోపులో చూసి, విభజనను నడిపే జన్యువులను 100కు పైగా పట్టుకున్నారు. బ్రిటన్‌లో పాల్ నర్స్ మరో ఈస్టు పట్టుకున్నారు. అది తూర్పు ఆఫ్రికా ప్రజలు చిరుధాన్యాలు పులియబెట్టి చేసుకునే పానీయంలో దొరికినది, మన కల్లు లాంటిది అనుకోండి. అందులో విభజనకు ముఖ్యమైన ఒక జన్యువు చెడిపోతే కణం చీలదు. 1987లో ఆయన బృందం అలా చెడిన ఈస్టుల్లో మనిషి డీఎన్ఏ ముక్కలు వేసి చూసింది. ఒకచోట ఈస్టు మళ్ళీ చీలడం మొదలుపెట్టింది! మనిషి జన్యువు ఈస్టు ఇంట్లో అదే కొలువు చేసింది. మనకూ ఈస్టుకూ ఉమ్మడి పూర్వీకులు బతికింది వంద కోట్ల ఏళ్ళకు ముందు. అంతకాలంగా ఆ పని మారలేదన్నమాట. అదే సీడీకే కుటుంబంలో మొదటిది.

ఇక సైక్లిన్‌ను పట్టుకున్నది టిమ్ హంట్. 1982 వేసవిలో, సముద్రంలో ముళ్ళబంతిలా ఉండే సీ అర్చిన్ గుడ్లలో. ప్రతి విభజనకు ముందూ ఒక ప్రోటీన్ పెరగడం, విభజన వేళకు మాయమవడం చూశారు. ముగ్గురికీ కలిపి 2001లో నోబెల్ వచ్చింది. ఆ మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది 2015లో. లెక్క వేయండి, దాదాపు 45 ఏళ్ళు.

అమ్మాయీ, తాతగారి "ఎప్పుడు?"కు దీన్ని దాచకుండా చెప్పు. నీ చేతిలో మందు పుట్టకపోవచ్చు.

మైపాడు గేటు (రాత్రి 10.14)

45 ఏళ్ళు. మొదట్లో ఆ మాత్ర మాకు అందే ధరలో లేదు. 2023లో పేటెంటు గడువు తీరి మన కంపెనీలవి వచ్చాకే మావంటి వాళ్ళు కొనగలుగుతున్నారు. కాబట్టి ఈస్టుకు ఒక దండం, ఆ గడువుకు రెండు దండాలు.

యంత్రం సంగతిలో నా మాట మాత్రం వెనక్కి తీసుకోను.

లాయర్‌పేట మాస్టారు (రాత్రి 10.20)

తీసుకోవద్దు. రెండూ కావాలి.

మనవాణ్ణి ఒకర్ని తలుచుకోకుండా ఎలా పడుకుంటాను? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. డీఎన్ఏ నకలు తయారవ్వాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే పదార్థాలు అమెరికాలో ఆయన బృందం నుంచే వచ్చాయి. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటి రక్త క్యాన్సరున్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది.

నల్లరేగడి (రాత్రి 10.26)

ఆ మాత్ర మా ఇంట్లో కీళ్ళవాతానికి వాడుతున్నారు!

రాత్రి డ్యూటీ (రాత్రి 10.29)

అదే. వారానికి ఒక్కసారే, డాక్టరు చెప్పిన రోజునే. రోజూ వేసుకుని మూలగ దెబ్బతిని వచ్చినవాళ్ళను చూశాను. డబ్బీ మీద ఆ రోజు పేరు పెద్దగా రాసిపెట్టండి.

ఉప్పుగాలి (మంగళవారం, తెల్లవారుజామున 4.05)

అల్లూరు దాటాక తీరం వైపు రొయ్య పిల్లల హేచరీలో పనిచేస్తాను. మీరందరూ విభజన, విభజన అంటుంటే నవ్వొచ్చింది. అది నేను రోజూ చూసేదే. తల్లి రొయ్య రాత్రిపూట గుడ్లు వదులుతుంది. గ్లాసు నీళ్ళు ముంచి బల్ల మీద పెట్టి చూస్తే మొదట ఒకటి, కాసేపటికి రెండు, తర్వాత నాలుగు, ఎనిమిది. గుడ్డు పెద్దదవదు, లోపలి ముక్కలే చిన్నవవుతూ పోతాయి. మర్నాటి మధ్యాహ్నానికల్లా నాప్లియస్ పిల్లలు ఈదుతుంటాయి. చీలిక వంకరగా ఉన్న గుడ్లు ఎక్కువ కనిపిస్తే ఆ గుడ్లు మంచివి కావని పారబోస్తాం.

అమ్మాయిగారూ, మీ తాతయ్యను తీసుకురండి. మేనేజరును అడిగాను, ఇద్దరికి సరేనన్నారు. చెప్పులు బయటే విడవాలి, కాళ్ళూ చేతులూ మందు నీళ్ళలో ముంచాలి. అంతకుముందు వేరే చెరువుల వైపు వెళ్ళి ఉండకూడదు.

కందుకూరు మనవరాలు (ఆదివారం, ఉదయం 10.40)

వెళ్ళొచ్చాం. నిన్న రాత్రి.

దారిలో బస్సులో తాతయ్యకు పిలకలు చెప్పాను, కండె చెప్పాను, 45 ఏళ్ళూ చెప్పాను. నాయనమ్మ కాలానికి ఆ మాత్ర లేదని కూడా చెప్పాను. కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నారు. కల్లు ఈస్టు మాట దగ్గర మాత్రం "అయితే నీ జీతం కల్లుకుండకే ఇస్తున్నారన్నమాట" అని నవ్వారు.

హేచరీలో మైక్రోస్కోపు ముందు స్టూలు మీద కూర్చుని కన్ను ఆనించారు. అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, చివరికి తీసేసే చూశారు. గుడ్డు నడుమ గాడి పడటం ఆయన కళ్ళ ముందే జరిగింది. గంటసేపు లేవలేదు. నన్ను చూడనివ్వలేదు కూడా. ఎనిమిది ముక్కలయ్యాక తల ఎత్తి, "ఇందులో పాతది ఏది, కొత్తది ఏది?" అన్నారు.

రొయ్య గుడ్డులో అలా వేరుచేసి చెప్పలేం, రెండూ సగం సగం పంచుకుంటాయన్నాను. రొట్టె ఈస్టులో మాత్రం తేడా తెలుస్తుందన్నాను. తల్లి కణం పక్కన చిన్న మొగ్గ వేసి కూతుర్ని విడదీస్తుంది. తల్లి మొత్తం మీద పాతిక సార్లు అలా కని, ముసలిదై ఆగిపోతుంది. కూతురికి లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. "కూతురికి ముసలితనం ఎందుకు అంటదు?" అన్నారు. దాని మీద కూడా హైదరాబాదులో ఎవరినైనా అడిగి చెబుతానన్నాను.

ఉప్పుగాలి గారికి తాతయ్య ఒక గోతం వేరుశనక్కాయలు పంపుతున్నారు. వద్దనకండి.

మైపాడు గేటు (ఉదయం 11.25)

ఉప్పుగాలి గారూ, మళ్ళీ గుడ్లు పెట్టేది ఎప్పుడు? మా ఆవిడ ఇదంతా చదివించుకుంది. తనూ చూస్తానంటోంది.

ఉప్పుగాలి (ఉదయం 11.31)

గురువారం. అక్క రక్త పరీక్ష బాగుంటేనే బయలుదేరండి, ఇక్కడ రాత్రి గాలి చల్లగా ఉంటుంది. పదకొండుకు ముందే చేరితే మొదటి చీలిక చూడవచ్చు.